ఇరుగుపొరుగు పాటలను ప్రేమించిన బేలా బార్టోక్

మహనీయుల జీవితాలు పలువిధాలు. రాజ్యాలు జయించినవారి చరిత్రను పాఠ్యపుస్తకాలు మనకు నేర్పుతాయి. గ్రంథాలు రచించినవారి కీర్తిని గ్రంథాలయాలు నిలుపుతాయి. కాని పల్లెటూరి గుడిసెల ముందు కూర్చుండి, అక్షరజ్ఞానం లేని వృద్ధుల పాటలను ఏండ్ల తరబడి వ్రాసుకొన్న ఒక మహనీయుని కథ మన విద్యార్థులలో కొందరికే తెలిసియుండవచ్చు. ఆయన పేరు బేలా బార్టోక్. హంగరీ దేశీయుడు. ఇరువదవ శతాబ్దపు స్వరకర్తలలో అగ్రగణ్యుడు, పియానో వాద్యంలో ఉద్దండుడు. జానపద సంగీతాన్ని శాస్త్రీయంగా పరిశోధించే విద్యకు బాట వేసిన తొలితరం వారిలో ఒకరు. తన జాతి పాటను వెదుకుతూ బయలుదేరిన ఆయన పొరుగు జాతుల పాటల చెంతకు చేరారు. వాటిని కూడా తన పాటలవలెనే ప్రేమించినందుకు ఇరుపక్షాల వారి నిందలనూ భరించారు. ఆ కథను ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాము.

బార్టోక్ 1881 మార్చి 25న నజ్‌సెంత్‌మిక్లోష్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. ఆనాడు ఆ పట్టణం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. నేడది రుమేనియా దేశంలో ఉన్నది. తండ్రి ఒక వ్యవసాయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు, సంగీతాభిమాని. తల్లి పౌలా జర్మన్ వంశీయురాలు, ఉపాధ్యాయిని. ఐదవ ఏట తల్లి వద్దనే బాలుడు పియానో అభ్యసించడం ఆరంభించాడు. 1888లో తండ్రి మరణించడంతో ఇద్దరు పిల్లలను పోషించే భారం తల్లిపై పడింది. ఉద్యోగార్థం ఆమె ఊరూరు తిరుగవలసి వచ్చింది. అలా ఆ కుటుంబం నివసించిన ఊళ్లలో నజ్‌సోలోష్ నేడు ఉక్రెయిన్‌లోను, నజ్‌వారద్ రుమేనియాలోను ఉన్నాయి. వారు 1894లో స్థిరపడిన పొజోన్ నగరం నేడు బ్రాటిస్లావా అనే పేరుతో స్లొవాకియాకు రాజధాని. ఏ దేశం ఎక్కడ ముగిసి ఏ దేశం ఎక్కడ ఆరంభమవుతుందో చెప్పడం కష్టమైన నేల అది. హంగేరియన్లు, రుమేనియన్లు, స్లొవాకులు, జర్మన్లు, సెర్బులు, రుథేనియన్లు, యూదులు, రోమా ప్రజలు ఇరుగుపొరుగున జీవించే నేల.

1892లో, పదకొండవ ఏట, ఆ బాలుడు తొలిసారి సభలో పియానో వాయించాడు. ఆనాడు వాయించిన వాటిలో అతడు స్వయంగా కూర్చిన ఒక చిన్న రచన ఉన్నది. డాన్యూబ్ నది ప్రవాహమే దాని ఇతివృత్తం. నది హంగరీలో ప్రవేశించినపుడు సంగీతం ఉల్లాసంగా సాగుతుంది. హంగరీని విడిచిపోవునపుడు విచారంలో మునుగుతుంది. పసివాడి దేశభక్తి అటువంటిది. ఆ నది పోయిన దిక్కుగా తానూ ఎల్లలు దాటి నడువగలనని అతడు ఆనాడు ఊహించి ఉండడు.

1899లో బార్టోక్ బుడాపెస్ట్ సంగీత విద్యాలయంలో చేరారు. హంగరీలో జాతీయాభిమానం ఉప్పొంగుతున్న కాలమది. సామ్రాజ్యపు సింహాసనం వియన్నాలో ఉండేది. సైన్యంలోను, ఉన్నత వర్గాలలోను జర్మన్ భాషదే ఆధిక్యం. యువకుడైన బార్టోక్ హంగేరియన్ సంప్రదాయ దుస్తులు ధరించసాగారు. ఇంట్లో తల్లీ చెల్లెలూ జర్మన్ మాట్లాడరాదని పట్టుబట్టారు. 1848 నాటి స్వాతంత్ర్య సమర నాయకుడు లాయోష్ కొషూత్‌ను కీర్తిస్తూ 1903లో ఒక సింఫనీ కావ్యం రచించారు. అందులో శత్రుసేన రాకను తెలుపడానికి ఆస్ట్రియా చక్రవర్తి గీతాన్నే వికృతపరచి వాడుకొన్నారు. 1904 జనవరిలో అది బుడాపెస్ట్‌లో ప్రదర్శితమైనపుడు శ్రోతలు జేజేలు పలికారు.

అయితే హంగేరియన్ సంగీతమంటే ఏది? ఆనాటి నగరవాసులకు తెలిసినది ఒక్కటే. హోటళ్లలోను, విందులలోను రోమా కళాకారుల మేళాలు వాయించే సంగీతం. లోకం వారిని జిప్సీలని పిలిచేది. ఫిడేలు, దానికి తోడుగా మరొక ఫిడేలు, క్లారినెట్టు, సింబలొం, పెద్ద బాస్ ఫిడేలు ఆ మేళంలోని ముఖ్య వాద్యాలు. సింబలొం అంటే సన్నని కర్రలతో తంత్రులను కొట్టి మ్రోగించే వాద్యం, మన సంతూర్‌ను పోలినది. ఆ సంగీతమే హంగరీ జాతి సంగీతమని, దానిని సృష్టించినవారు జిప్సీలేనని మహావిద్వాంసుడు లిస్ట్ 1859లో ఒక గ్రంథంలో ప్రతిపాదించారు. బార్టోక్ కూడా మొదట ఆ మేళాల సంగీతాన్నే జాతి సంగీతమని భావించారు.

1904 వేసవిలో ఆయన నేటి స్లొవాకియాలోని ఒక గ్రామంలో విడిది చేశారు. అక్కడ పొరుగు గదిలో ఒక పనిపిల్ల పసిబిడ్డను ఆడిస్తూ పాడుతున్న పాట ఆయన చెవిన పడింది. ఆమె పేరు లిదీ. తూర్పు ట్రాన్సిల్వేనియాలోని సేకెయ్ అనే హంగేరియన్ తెగకు చెందిన యువతి. ఆ పాట హోటల్ మేళాలలో విన్నదాని వంటిది కాదు. ఆయన ఆమెను కూర్చుండబెట్టి తెలిసిన పాటలన్నీ పాడించుకొని స్వరాలు వ్రాసుకొన్నారు. తన జాతి సంగీతం పల్లెలో దాగియున్నదని, తాను దానిని ఎన్నడూ వినలేదని ఆయనకు తెలిసివచ్చింది. ఒక పనిపిల్ల పాట ఒక మహాకళాకారుని జీవితాన్ని ఈ విధంగా మలుపు త్రిప్పింది.

1905లో ఆయనకు జొల్తాన్ కొదాయ్‌తో పరిచయమైంది. కొదాయ్ కూడా స్వరకర్త. జానపద గీతాల పరిశోధనలో అప్పటికే అడుగిడినవారు. ఇద్దరికీ ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. 1906లో వారు ఇరువది జానపద గీతాలను పియానో సహకారంతో సంయుక్తంగా ప్రకటించారు. ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫ్ యంత్రాన్ని మోసుకొని పల్లెలకు బయలుదేరారు. దాని మైనపు సిలిండర్ మీద కొద్ది నిమిషాల పాట మాత్రమే పట్టేది. తిరిగి తిరిగి వినిపిస్తే మైనం అరిగిపోయేది. కనుక ప్రతి పాటను జాగ్రత్తగా స్వరాలలోనికి ఎక్కించి, పాడినవారి పేరు, వయస్సు, ఊరు, తేదీ వ్రాసియుంచేవారు. ఆ శ్రమ సామాన్యమైనది కాదు. పట్నవాసి ఒకడు వచ్చి పాట పాడుమంటే పల్లె స్త్రీలు సిగ్గుపడేవారు, అనుమానించేవారు. గంటల కొద్దీ బతిమాలితే చర్చిలో పాడే కీర్తననో, పట్నం నుండి వచ్చిన కొత్త పాటనో వినిపించేవారు. అసలైన పాత పాట వారికి విలువలేనిదిగా తోచేది.

1907లో బార్టోక్ తాను చదివిన విద్యాలయంలోనే పియానో ఆచార్యులుగా నియమితులైనారు. ఆ వేసవిలో ట్రాన్సిల్వేనియాలోని చీక్ ప్రాంతంలో సంచరించారు. అక్కడి సేకెయ్ వృద్ధుల పాటలలో ఐదు స్వరాల సంగీతం ఆయనకు లభించింది. మన సంగీత పరిభాషలో చెప్పవలెనంటే శుద్ధ ధన్యాసిలోని స, గ, మ, ప, ని అనే స్వరాలు అవి. పాతకాలపు పాటలలో మరొక లక్షణం కూడా తరచుగా కనిపించింది. మొదటి సగం పైస్థాయిలో సాగుతుంది. రెండవ సగం అదే వరుసను పంచమం అంతరం క్రిందికి దించి పాడుతుంది. ఇది పడమటి ఐరోపా సంగీతంలో సహజమైనది కాదు. హంగేరియన్ల పూర్వులు తూర్పు దిక్కు నుండి తెచ్చుకొన్న ఆస్తి కావచ్చునని ఆయన భావించారు.

ఆయన కోరినది దొరికింది. స్వజాత్యభిమానం మాత్రమే కలవాడైతే అక్కడితో తృప్తిపడి ఉండేవారు. కాని పండితునికి ఒక ప్రశ్న తప్పదు. ఇది మనదేనని చెప్పడానికి పొరుగువారి పాట ఎట్లుంటుందో తెలియవద్దా? ఆ ప్రశ్నతోనే ఆయన 1906 నుండి స్లొవాక్ పాటలను, 1909 నుండి రుమేనియన్ పాటలను సేకరించసాగారు. ఒకనాడు తల్లి నోట జర్మన్ మాట వినరాదన్న యువకుడు ఇప్పుడు పొరుగు రైతుల నోటిమాట అర్థం చేసుకోవడానికి స్లొవాక్, రుమేనియన్ భాషలు నేర్చుకొన్నారు. రుమేనియన్ పల్లెల దారి చూపడానికి బెలేన్యెష్ పట్టణంలోని ఉపాధ్యాయుడు ఇయాన్ బుషిత్సియా తోడ్పడ్డారు. బిహార్ అనే మండలంలో ఆయన సేకరించిన 371 రుమేనియన్ వరుసలను 1913లో బుకారెస్ట్‌లోని రుమేనియన్ అకాడమీ గ్రంథంగా ప్రచురించింది.

ట్రాన్సిల్వేనియా పల్లెల మేళాలను గూర్చి ఇక్కడ కొంత చెప్పవలసియున్నది. పట్నపు మేళానికి, పల్లె మేళానికి భేదం కలదు. ఒక ఫిడేలు పాటను నడిపిస్తుంది. దానికి తోడుగా మూడు తంత్రుల ఫిడేలు ఉంటుంది. మామూలు ఫిడేలులో తంత్రులను మోసే గుర్రం వంపుగా ఉంటుంది. దీనికి మాత్రం ఆ గుర్రాన్ని చదునుగా చెక్కుతారు. అందుచేత కమాను ఒక్కసారి లాగితే మూడు తంత్రులూ కలిసి పలుకుతాయి. క్రింద బాస్ ఫిడేలు అడుగు లెక్క చెబుతుంది. కొన్ని చోట్ల గొఱ్ఱెల కాపరుల పిల్లనగ్రోవి, తిత్తి వాద్యం వినిపించేవి. ఈ మేళగాండ్రలో పెక్కుమంది రోమా కళాకారులే. హంగేరియన్ల పెండ్లికి ఒక విధమైన పాటలు, రుమేనియన్ల పెండ్లికి వేరొక విధమైనవి వారికి కంఠస్థం. పట్నంలో జిప్సీ మేళాన్ని నిరాకరించిన బార్టోక్, పల్లెలో అదే జాతి ఫిడేలు వాద్యకారుల ముందు ఫోనోగ్రాఫ్ పెట్టుకొని వినయంగా కూర్చున్నారు. 1915లో ఆయన పియానోకు కూర్చిన రుమేనియన్ జానపద నృత్యాలు నేడు లోకమంతటా వినిపిస్తున్నాయి. వాటికి మూలం అటువంటి పల్లె వాద్యకారుల బాణీలే.

1913 మార్చిలో ఆయన ఉత్తరాన ఉన్న మారమురేష్ అనే కొండసీమలో, తాళానికి లొంగక దీర్ఘంగా సాగే ఒక రుమేనియన్ గానరీతిని విన్నారు. అదే సంవత్సరం జూన్‌లో భార్య మార్తాతో కలిసి అల్జీరియాలోని బిస్క్రా ఒయాసిస్సుకు వెళ్లి అరబ్బుల పాటలను రికార్డు చేశారు. ఎండ తీవ్రతకు అనారోగ్యం కలిగి ఆ యాత్ర త్వరగానే ముగిసింది. అయినా ఆ అరబ్బు డోళ్ల లయ ఆయన చెవిని విడువలేదు. ఆనాటి మారమురేష్ గానరీతికి పోలికలను ఆయన తరువాతి కాలంలో ఇరాక్, పారశీక, ఉక్రెయిన్ సంగీతాలలో గుర్తించారు. కొండసీమ రైతుకూ ఎడారి గాయకునికీ మధ్య ఏనాటి దారులున్నవో చెప్పడం కష్టం. పాటకు మాత్రం ఆ దారులు తెలుసు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆరోగ్యం చాలనందున ఆయనను సైన్యంలో చేర్చుకోలేదు. 1918లో హంగరీ ఓడిపోయింది. 1920 జూన్ 4 నాటి ట్రియనాన్ సంధితో ఆ దేశం తన భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు కోల్పోయింది. ట్రాన్సిల్వేనియా రుమేనియాకు, ఉత్తర భాగం చెకోస్లొవేకియాకు దక్కాయి. బార్టోక్ పాటలు సేకరించిన పల్లెలు పరదేశాలైపోయాయి. ఆయన పుట్టిన ఊరు, తండ్రి సమాధి కూడా సరిహద్దు కావలికి పోయాయి.

ఆ దుఃఖ సమయంలో, 1920లోనే, హున్యద్ ప్రాంతపు రుమేనియన్ సంగీతాన్ని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసం ఒక జర్మన్ పత్రికలో వెలువడింది. బుడాపెస్ట్ పత్రికలు మండిపడినవి. మన భూమిని అపహరించినవారి సంస్కృతిని పొగుడుతున్నాడని, దేశద్రోహమని నిందించాయి. ఆయనకు తాను కోల్పోయిన ఊళ్లపై ప్రేమ తక్కువ కాదు. కాని పాటను గూర్చిన సత్యం సరిహద్దుతోపాటు మారదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆయన సడలించుకోలేదు.

దానికి నిదర్శనం మూడేండ్లకే లభించింది. బుడా, పెస్ట్, ఓబుడా పట్టణాలు ఒకే నగరమై 1923 నాటికి ఏబది సంవత్సరాలు. ఉత్సవానికి కొత్త రచన చేయుమని నగరపాలకులు బార్టోక్‌ను, కొదాయ్‌ను, దోహ్నాన్యీని కోరారు. నవంబరు 19న వినిపించిన బార్టోక్ నృత్య మాలికలో హంగేరియన్ ఛాయలున్నాయి, రుమేనియన్ ఛాయలున్నాయి, అరబ్బు ఛాయలున్నాయి. గాయపడిన ఒక జాతి తన రాజధానికి జరుపుకొనే పండుగలో పొరుగువారి బాణీలను కూడా అతిథులుగా కూర్చుండబెట్టడానికి ఎంత ధైర్యం కావలెనో మన విద్యార్థులు ఊహించగలరు.

ఈ సంవత్సరాలలోనే ఆయన తాను సేకరించిన సంపదను వర్గీకరించారు. హంగేరియన్ వరుసలు సుమారు 2,700, రుమేనియన్ సుమారు 3,400, స్లొవాక్ 3,000 వరకు ఉన్నాయి. పోల్చి చూడడానికి వీలుగా ప్రతి వరుసనూ ఒకే స్వరం మీద ముగిసేటట్లు మార్చి వ్రాసి, నిఘంటువులో పదాలవలె వరుసగా అమర్చారు. 1924లో హంగేరియన్ జానపద గీతాలపై గ్రంథం, 1934లో హంగరీ సంగీతానికీ పొరుగు జాతుల సంగీతానికీ గల సంబంధంపై మరొక గ్రంథం ప్రకటించారు. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఎవరు ఎవరి నుండి గ్రహించారో పక్షపాతం లేకుండా చూపడానికి ప్రయత్నించారు. ఆ నిష్పక్షపాతం రెండవ పక్షానికీ రుచించలేదు. ట్రాన్సిల్వేనియా రుమేనియన్ పాటపై హంగేరియన్ ప్రభావం కొంత ఉన్నదన్నందుకు 1936లో ఒక రుమేనియా పండితుడు ఆయనపై ధ్వజమెత్తి, పోయిన భూమిని తిరిగి పొందాలన్న కుట్రను అంటగట్టారు. 1937లో బార్టోక్ దానికి పాటల సాక్ష్యంతో సమాధానం వ్రాశారు. పదునారేండ్ల వెనుక రుమేనియా పక్షపాతి అనిపించుకొన్నవాడే ఇప్పుడు రుమేనియా విరోధి అనిపించుకొన్నాడు.

అయినా ఆయన సృష్టి ఆగలేదు. 1930లో రుమేనియన్ క్రిస్మస్ గీతాల ఇతివృత్తాన్ని గ్రహించి కంతాతా ప్రొఫానా అనే గానకృతిని రచించారు. 1931లో సంగీత విద్యార్థుల కొరకు రెండు ఫిడేళ్లపై వాయించే 44 చిన్న రచనలు కూర్చారు. హంగేరియన్, రుమేనియన్, స్లొవాక్, సెర్బియన్, రుథేనియన్, అరబ్బు బాణీలు అందులో కలవు. జాతుల మధ్య సోదరభావమే తన కృతులకు ప్రేరణ అని ఆ సంవత్సరమే ఒక మిత్రునికి లేఖ వ్రాశారు.

1932లో కైరోలో జరిగిన అరబ్బు సంగీత మహాసభకు ఆయన హాజరైనారు. 1936 నవంబరులో టర్కీ ఆహ్వానంపై అంకారా చేరి, అచ్చటి యువ స్వరకర్త అద్నాన్ సైగున్‌తో కలిసి దక్షిణాన అదనా సీమలో సంచరించారు. ఆ యాత్రకై ఏబది అయిదేండ్ల వయస్సులో టర్కీ భాష అభ్యసించారు. ఉస్మానియే అనే ఊరిలో డెబ్బది ఏండ్ల వృద్ధుడొకరు పాట ఎత్తుకొన్నారు. వింటున్న బార్టోక్ నిశ్చేష్టులైనారు. అది పాత హంగేరియన్ పాట వరుసకు తోబుట్టువువలె ఉన్నది. ముప్పై ఏండ్ల నాడు చీక్ వృద్ధుల పాటలలో తోచిన ఊహకు అనటోలియాలో సాక్ష్యం దొరికింది. తన జాతి పాటకు బంధువులు ఎల్లలకు ఆవల ఉన్నారని ఋజువైంది. ఆ యాత్రలో సుమారు 90 వరుసలు సేకరించారు. అక్కడి దవుల్-జుర్నా మేళం ధ్వనికి ఆయన చెవులు గింగురుమన్నవి. దవుల్ అనగా పెద్ద డోలు, జుర్నా అనగా నాగస్వరం జాతి వాద్యం. జుర్నా పేరు పారశీక సుర్నాయ్ నుండి వచ్చినది. మన షహనాయి, సన్నాయి పేర్లనూ ఆ కుటుంబంలోనే చేర్చుతారు. మన ఊళ్ల పెండ్లి పందిళ్లలో డోలు-సన్నాయి మేళం విన్నవారికి ఆ టర్కీ మేళం పూర్తిగా పరాయిది కాదు.

ఇంతలో ఐరోపాపై నాజీల నీడ కమ్ముకొన్నది. 1933 తరువాత బార్టోక్ జర్మనీలో కచేరీ చేయలేదు. 1938లో వియన్నా నాజీల వశమైనపుడు ఆయన ప్రచురణకర్తలు జాతి వివరాలు కోరుతూ పంపిన పత్రాన్ని పూరించ నిరాకరించి, తన కృతులను లండన్ ప్రచురణకర్తలకు అప్పగించారు. 1939 డిసెంబరులో తల్లి కన్నుమూసింది. ఇక తనను కట్టి ఉంచే బంధం లేదు. 1940 అక్టోబరులో రెండవ భార్య దిత్తాతో కలిసి అమెరికా ప్రయాణమైనారు. బయలుదేరే ముందు వ్రాసిన వీలునామాలో, హంగరీలో హిట్లర్, ముస్సోలినీల పేర్లతో వీధులూ కూడళ్లూ ఉన్నంతవరకు తన పేరును ఏ వీధికీ ఏ భవనానికీ పెట్టరాదని కోరారు.

న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం పక్షాన ఆయన సెర్బులు, క్రోటుల జానపద గీతాల రికార్డులను స్వరబద్ధం చేశారు. పరాయి దేశంలో, అనారోగ్యంలో, స్వల్ప ఆదాయంతో జీవిస్తూ కూడా ఆయన చేపట్టిన పని పొరుగువారి పాటల సేవయే. 1942లో సంగీతంలో జాతి శుద్ధిని గూర్చి ఒక వ్యాసం ప్రకటించారు. జాతుల పాటలు ఒకదానితో ఒకటి కలిసినందువల్లనే తూర్పు ఐరోపా సంగీతం సుసంపన్నమైనదని, శుద్ధి పేరిట గోడలు కడితే పాట ఎండిపోతుందని అందులో వాదించారు. జాతి శుద్ధి పేరిట లక్షల ప్రాణాలు బలియైన రోజులవి. 1943లో రచించిన కన్సెర్టో ఫర్ ఆర్కెస్ట్రా 1944 డిసెంబరులో బోస్టన్ నగరంలో ఘనవిజయం పొందింది. కాని అప్పటికే రక్త క్యాన్సర్ ఆయనను క్షీణింపజేసింది. 1945 సెప్టెంబరు 26న న్యూయార్కులో పరమపదించారు. మూడవ పియానో కన్సెర్టోలో చివరి పదిహేడు గతుల వాద్య విభజన మిగిలిపోగా మిత్రుడు తిబోర్ షెర్లీ పూర్తిచేశారు. 1988లో ఆయన భౌతికకాయాన్ని బుడాపెస్ట్‌కు తెచ్చి సమాధి చేశారు. ఆయన రుమేనియన్ సంకలనం 1967 నుండి సంపుటాలుగాను, టర్కీ సంకలనం 1976లోను వెలుగు చూచినవి.

బార్టోక్ జీవితాన్ని పరిశీలించినపుడు మాకొక విషయం స్పష్టమైంది. తన భాషను, తన పాటను ప్రేమించడం దోషం కాదు. ఆయన ప్రేమ కూడా అక్కడనే మొదలైంది. అయితే ఆయన ఆ ప్రేమను శ్రద్ధగా, నిజాయితీగా తుదికంటా నడిపించారు. తుదిలో పొరుగువాని గుమ్మం కనిపించింది. ఆ గుమ్మంలోనికి ఆయన జంకక అడుగుపెట్టారు.

మన దక్కను నేలపై కూడా ఉర్దూ, తెలుగు పక్కపక్కనే శతాబ్దాలుగా వినిపిస్తున్నాయి. పీర్ల పండుగనాడు ఒకే వీధిలో ఇరుమతాల వారు నడిచే పల్లెలు మనకున్నాయి. ఆ పల్లెలలోని ముదుసళ్లకు తెలిసిన పాటలెన్నో వారితోనే మాసిపోతున్నాయి. సెలవులలో ఊరికి పోయిన విద్యార్థి తన అమ్మమ్మనో, దాదీనో కూర్చుండబెట్టి ఒక పాట వ్రాసుకొనవచ్చు. ఆ పిమ్మట పొరుగింటి వారి పాట కూడా ఒకటి అడిగి వ్రాసుకొన్న నాడు అతనికి బార్టోక్ అడుగుజాడ దొరికినట్లే.